నొప్పి వేరు, సత్తువ తగ్గడం వేరు

అనంతపురం పీఠభూమిలో ఒళ్ళునొప్పులను జబ్బుగా లెక్కించే అలవాటు తక్కువ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటుగా మాత్రమే వాన కురిసే ఈ నేలలో వేరుశనగ విత్తడం, కలుపు తీయడం, పంట చేతికొచ్చినప్పుడు కట్టె పీకడం, వాన మొహం చాటేసిన ఏడు ఉపాధి హామీ పనికో బెంగళూరు కట్టడాల కూలికో పోవడం బతుకులో భాగమైపోయినందువల్ల, తొడలు లాగుతున్నాయనో జబ్బలు పట్టేశాయనో ఎవరైనా అంటే వినేవారికి అది వార్తగా తోచదు. సరిగ్గా ఈ కారణంగానే ఒక అరుదైన జబ్బు ఇక్కడ నెలల తరబడి నొప్పుల చాటున దాగి ఉండగలుగుతుంది.

శరీరాన్ని బయటి క్రిముల నుంచి కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ సొంత కండరాలపైనే దాడికి దిగినప్పుడు, కండరపు పోగుల మధ్య వాపు పుట్టి, చికిత్స అందకపోతే ఆ పోగులు క్రమంగా నశించి, వాటి స్థానంలో కొవ్వు చేరుతుంది. సాళ్ళ మధ్య కలుపును కోయవలసిన గుంటక దారి తప్పి పైరునే కోసుకుపోయినట్లు జరిగే ఈ వ్యాధుల సమూహాన్ని వైద్యులు మయోసైటిస్ అని పిలుస్తారు. నటి సమంత తనకు ఈ జబ్బు ఉందని 2022 అక్టోబర్ 29న వెల్లడించిన తరువాత ఈ పేరు తెలుగు ఇళ్ళకు చేరింది గానీ, పేరు తెలిసినంత మాత్రాన లక్షణం కళ్ళ ముందు ఉన్నప్పుడు గుర్తుపట్టడం సాధ్యమవుతుందా? ఏటా పది లక్షల మందిలో కొద్దిమందికి మాత్రమే కొత్తగా వచ్చే జబ్బు కాబట్టి, 2011 జనాభా లెక్కల్లో 40 లక్షలు దాటిన ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఒక ఊరి వైద్యుడు తన వృత్తి జీవితమంతటిలో ఇలాంటి రోగిని ఒక్కరినీ చూడకపోవచ్చు. అందువల్ల మొదటి అనుమానం చాలాసార్లు రోగికో, ఆ ఇంటివారికో రావలసి ఉంటుంది.

ఇంట్లోనే తేల్చుకోగల తేడా

పని వల్ల నొప్పి వచ్చిన మనిషి మూలుగుతూనైనా పని చేయగలడు, రెండు రోజులు విశ్రాంతి దొరికితే ఆ నొప్పి తగ్గుతుంది. మయోసైటిస్ ఉన్న మనిషికి నొప్పి కొద్దిగానే ఉండవచ్చు, అసలు లేకపోనూవచ్చు. కానీ ఎంత విశ్రాంతి తీసుకున్నా, ఎంత గట్టిగా ప్రయత్నించినా కండరం సహకరించదు, వారాలు గడిచేకొద్దీ నిన్నటిదాకా చేసిన పనులు ఒక్కొక్కటిగా చేతకాకుండా పోతాయి. ఈ బలహీనత సాధారణంగా రెండు వైపులా, మొండేనికి దగ్గరగా ఉండే తుంటి, తొడ, భుజం, మెడ కండరాల్లో మొదలవుతుంది. చేతివేళ్ళ పట్టు మాత్రం చాలాకాలం చెక్కుచెదరదు, కుటుంబాలు పొరబడేది ఇక్కడే. గంటల తరబడి కూర్చుని విత్తనపు కాయలు ఒలవగలిగిన కోడలు నీళ్ళ బిందెను మాత్రం తలకెత్తుకోలేనంటే అది ఒళ్ళు వంచని తనమని అత్త అనుకోవచ్చు. నిజానికి కాయలు ఒలిచే వేళ్ళ కండరాలు వేరు, బిందెను ఎత్తే జబ్బల కండరాలు వేరు. ఆ నిందకు జంకి ఆమె నోరు మూసుకుని మరో రెండు నెలలు నెట్టుకొస్తే, ఆ రెండు నెలల్లో తిరిగి రాని కండరం కొంత పోతుంది.

కింది పనులను వారానికి ఒకసారి చేసి చూసి, ఫలితాన్ని తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే, అనుమానం భయంగా మారకుండా లెక్కగా మారుతుంది.

1. నేల మీద బాసిపట్లు వేసుకుని కూర్చున్న మనిషి చేతులు ఆన్చకుండా లేవగలగాలి. మోకాళ్ళ మీదా తొడల మీదా చేతులు ఊని, తన ఒంటినే పట్టుకుని ఎక్కుతున్నట్లు లేవవలసి వస్తున్నదా? ఆర్టీసీ బస్సు మొదటి మెట్టు ఎక్కడానికి కమ్మీని పట్టుకుని ఒంటిని పైకి లాక్కోవలసి వస్తున్నదా? మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చున్నాక గోడ ఆసరా లేకుండా లేవడం కష్టమవుతున్నదా? మోకాళ్ళు అరిగిన పెద్దవారికి ఈ పరీక్ష సరిపోదు కాబట్టి, వారు చేతులు కట్టుకుని కుర్చీలో నుంచి వరుసగా ఐదుసార్లు లేచి కూర్చోవడానికి ఎంత సమయం పడుతున్నదో వారం వారం పోల్చి చూడవచ్చు.

2. తల దువ్వుకుని జడ వేసుకునేటప్పుడు, దండెం మీద తడిబట్టలు ఆరవేసేటప్పుడు, అటక మీది డబ్బా దించేటప్పుడు చేతులు మధ్యలోనే కిందికి వాలిపోతున్నాయా అని గమనించాలి.

3. వెల్లకిలా పడుకుని, తలగడ మీది నుంచి తలను ఎత్తి పది సెకన్లు నిలపగలగాలి. మెడ ముందరి కండరాలు ఈ జబ్బులో తొందరగా దెబ్బతింటాయి, కానీ పగటిపూట ఆ లోటు ఎవరికీ కనబడదు.

4. రాగి సంగటి ముద్దను నమలకుండా పులుసులో అద్ది మింగే అలవాటు ఉన్న ఈ ప్రాంతంలో మింగుడు కండరాల బలహీనత తొందరగానే బయటపడుతుంది. ముద్ద గొంతులో ఆగినట్లు ఉండడం, నీళ్ళు తాగిన ప్రతిసారీ పొలమారడం, తాగినవి ముక్కులోంచి రావడం, మాట ముక్కుతో పలికినట్లు మారడం కనిపిస్తే దాన్ని తొందరపడి తినడం వల్ల వచ్చిన ఇబ్బందిగా కొట్టిపారేయకూడదు, ఎందుకంటే దారి తప్పిన ఆహారం ఊపిరితిత్తుల్లోకి చేరి న్యుమోనియా తెస్తుంది.

5. చర్మాన్ని పగటి వెలుతురులో చూడాలి. మయోసైటిస్‌లో ఒక రకమైన డెర్మటోమయోసైటిస్ చర్మం మీద స్పష్టమైన గుర్తులు వేస్తుంది: వేళ్ళ కణుపుల మీద ఉబ్బెత్తు మచ్చలు, కనురెప్పల మీద ఊదా ఛాయ, మెడ కింద రవిక కోత మేర, వీపు పైభాగాన శాలువా కప్పుకున్న మేర రంగు మారిన చర్మం, గోళ్ళ మొదళ్ళలో ఎర్రబారిన సన్నని రక్తనాళాలు. అయితే వైద్య గ్రంథాల్లోని పాత బొమ్మలు ఎక్కువగా తెల్లని చర్మం మీద తీసినవి కాబట్టి వాటిలో ఈ మచ్చలు ఎర్రగా, గులాబీ రంగులో కనిపిస్తాయి. చామనఛాయ ఒంటి మీద అవే మచ్చలు ముదురు గోధుమగానో, నల్లని ఊదాగానో ఉండి, ఎండకు కమిలిన చర్మమని పొరబడేలా చేస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలో పనిచేసేవారికి ఈ పొరపాటు మరీ సహజం, పైగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఈ జబ్బును నిజంగానే రెచ్చగొడతాయి. మరి తేడా తెలిసేది ఎలా? ఎండ చేతి కణుపులనూ, కణుపుల మధ్య చర్మాన్నీ సమానంగా నల్లబరుస్తుంది, కానీ ఈ జబ్బు కణుపులనే ఎంచుకుని పొలుసులు లేపుతుంది. ఎండ తగలని కనురెప్పల ముడతల్లోనూ రంగు మారుస్తుంది, తరచూ దురద పెడుతుంది.

6. మెట్లు ఎక్కితే ఆయాసం, వారాల తరబడి వదలని పొడిదగ్గు ఉంటే వాటిని కూడా అదే నోటుపుస్తకంలో రాయాలి.

పేరు ఒకటే, జబ్బులు పలు

రకం తెలుసుకోవడం పండితుల పని మాత్రమేనని రోగి అనుకోవడానికి వీలులేదు, ఎందుకంటే ఏ పరీక్ష అడగాలో, ఏ మందు పనిచేస్తుందో, ఏ ప్రమాదం పొంచి ఉందో రకాన్ని బట్టే తేలుతుంది.

పైన చెప్పిన డెర్మటోమయోసైటిస్ స్త్రీలలో పురుషులకంటే ఎక్కువగా వస్తుంది, బడి వయసు పిల్లలనూ వదలదు. పిల్లల్లో ఇది చర్మం కింద సున్నపు గడ్డలు ఏర్పడడానికి దారితీయవచ్చు; పరుగెత్తే పిల్లవాడు ఎత్తుకోమని ఏడుస్తుంటే, ముఖం మీదా కణుపుల మీదా మచ్చలుంటే, అది మారాం కాకపోవచ్చు. పెద్దవారిలో ఈ రకానికి క్యాన్సర్‌తో సంబంధం ఉంది, ముఖ్యంగా జబ్బు బయటపడిన మొదటి మూడేళ్ళలో ఆ అవకాశం ఎక్కువ. కాబట్టి రొమ్ము, అండాశయం, గర్భాశయ ముఖద్వారం, ఊపిరితిత్తులు, జీర్ణాశయం వంటి చోట్ల వెతికి చూడమని వైద్యుడు చెబితే, ఆ పరీక్షలను ఖర్చు పెంచే ఎత్తుగడగా అనుమానించకూడదు.

చర్మపు మచ్చలు లేకుండా కండరాలకే పరిమితమైన రకాన్ని పాలీమయోసైటిస్ అంటారు. ఒకప్పుడు చాలామందికి ఈ పేరే పెట్టేవారు గానీ, రక్తంలోని ప్రత్యేక యాంటీబాడీలను, అంటే సొంత కణాలకు వ్యతిరేకంగా తయారైన ప్రతిరక్షకాలను గుర్తించే పరీక్షలు వచ్చాక, వారిలో చాలామంది వేరే రకాల కిందికి చేరారు. వాటిలో ఒకటి యాంటీ సింథటేజ్ సిండ్రోమ్. ఇందులో కండరాల బలహీనతతో పాటు కీళ్ళ వాపు, జ్వరం, చలికి వేళ్ళు తెల్లబడడం, వేళ్ళ అంచులు మెకానిక్ చేతుల్లా పగిలి గరుకెక్కడం ఉంటాయి, ఊపిరితిత్తుల కణజాలం గట్టిపడవచ్చు. పార, గడ్డపార పట్టే చేతులు ఎలాగూ పగులుతాయి కదా అని ఇక్కడ ఆ గుర్తు కూడా దాటిపోతుంది. అటువంటి పగుళ్ళకు ఆయాసం తోడైతే ఊపిరితిత్తులకు సీటీ స్కాన్ తీయించాలి.

మరో రకంలో వాపు తక్కువగా ఉండి కండరపు పోగులు నేరుగా నశిస్తాయి, బలహీనత వేగంగా ముదురుతుంది. కొలెస్టరాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ వంటి మందులు వాడేవారిలో చాలా అరుదుగా ఇది మొదలవుతుంది, మందు ఆపినా ఆగదు. ఇది చదివి గుండెజబ్బు ఉన్నవారు ఆ మాత్రలను సొంతంగా మానేయకూడదు. ఆ మందులతో వచ్చే మామూలు కండరాల నొప్పి మోతాదు మారిస్తే తగ్గిపోతుంది, ఆ నిర్ణయం వైద్యుడు చేయాలి.

చివరిది ఇన్‌క్లూజన్ బాడీ మయోసైటిస్. ఇది ఎక్కువగా 50 ఏళ్ళు దాటిన పురుషుల్లో, ఏళ్ళ తరబడి మెల్లగా ముదురుతుంది. మిగతా రకాలకు విరుద్ధంగా ఇందులో వేళ్ళ పట్టు తొందరగా సడలి తాళంచెవి తిప్పడం, సీసా మూత తీయడం కష్టమవుతాయి, ముందు తొడ కండరాలు చిక్కిపోయి మోకాలు ఉన్నట్టుండి వంగి మనిషి పడిపోతాడు. స్టీరాయిడ్లు దీనికి సాధారణంగా పనిచేయవు. రకం తేల్చకుండా ఏళ్ళ తరబడి స్టీరాయిడ్లు మింగించడం వల్ల ఈ రోగులకు మిగిలేది షుగరు, పెళుసుబారిన ఎముకలు మాత్రమే.

ఇంతకీ ఇది ఎందుకు వస్తుంది? పుట్టుకతో వచ్చిన జన్యు స్వభావం మీద ఎండ, కొన్ని వైరస్ జ్వరాలు, కొన్ని మందులు, ఒక్కోసారి దాగి ఉన్న క్యాన్సర్ నిప్పు రాజేస్తాయని మాత్రమే చెప్పగలిగే స్థితిలో వైద్యశాస్త్రం ఉంది. ఇది అంటుకునేది కాదు, గాలి సోకడం వల్లనో చేతబడి వల్లనో వచ్చేది అంతకన్నా కాదు. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా ఎవరికీ రాదు.

ఈ నేలలో దారి తప్పించే జబ్బులు

అనంతపురం ప్రాంతంలో మయోసైటిస్‌ను మరుగుపరిచే జబ్బులు మరికొన్ని ఉన్నాయి. లోతైన బోర్ల నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్ళలో ఫ్లోరోసిస్ వల్ల వెన్ను, మెడ, కీళ్ళు బిగుసుకుంటాయి. ఆ మనిషి కూడా లేవలేడు గానీ, అతనిని ఆపేది ఎముకల బిగువు, కండరపు నీరసం కాదు. పళ్ళ మీద గారలు కూడా దానికి సాక్ష్యం. ఇక 2005 చివర మొదలై 2006లో ఆంధ్రప్రదేశ్‌ను, కర్ణాటకను చుట్టేసిన చికున్‌గున్యా తరువాత, పదేళ్ళకు వచ్చిన నొప్పిని సైతం ఆ జ్వరం ఖాతాలో వేసే అలవాటు జనంలో స్థిరపడింది. చికున్‌గున్యా ముఖ్యంగా కీళ్ళను పట్టి పీడిస్తుంది, నొప్పి తగ్గిన పూట మనిషి బిందె ఎత్తగలడు.

విటమిన్ డి లోపం, థైరాయిడ్ మందగించడం కూడా తొడల్లోనూ జబ్బల్లోనూ సత్తువ తగ్గిస్తాయి, ఇవి చవకైన మందులతో అదుపులోకి వస్తాయి కాబట్టి వాటిని ముందే పరీక్షించాలి. ఒకే ఒక కండరం వాచి, వేడెక్కి, తీవ్ర జ్వరం వస్తే అది చీము పట్టిన కండరం కావచ్చు, దానికి వెంటనే యాంటీబయోటిక్‌లూ శస్త్రచికిత్సా కావాలి.

వీటన్నింటికంటే ఎక్కువ కాలాన్ని మింగేసే పొరపాటు మరొకటి ఉంది. కాలేయ పరీక్షలో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు కండరాల్లోనూ ఉంటాయి. కండరం దెబ్బతిన్నప్పుడు అవి రక్తంలో పెరుగుతాయి. ఆ కాగితం చూసి కాలేయం చెడిందని తేల్చి, పథ్యం పెట్టి, కామెర్లకు పసరు పోయించి నెలలు గడిపే కుటుంబాలు ఉంటాయి. కళ్ళు పచ్చబడలేదు, బిలిరుబిన్ మామూలుగానే ఉంది, మనిషి మాత్రం లేవలేకపోతున్నాడు అనుకుందాం, అప్పుడు అడగవలసిన పరీక్ష ఏది? క్రియాటిన్ కైనేజ్, వాడుకలో సీపీకే. దెబ్బతిన్న కండరం నుంచి రక్తంలోకి కారే ఈ ఎంజైము మామూలుగా వందల్లో ఉండవలసింది ఈ జబ్బులో తరచూ వేలల్లోకి పోతుంది. అయితే డెర్మటోమయోసైటిస్‌లో కొందరికి అది మామూలుగానే ఉండవచ్చు కాబట్టి, మచ్చలూ బలహీనతా ఉన్నప్పుడు ఈ ఒక్క అంకెను చూసి నిశ్చింతగా కూర్చోకూడదు.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు

1. వైద్యుడి ముందు ఒళ్ళునొప్పులని మొదలుపెట్టకూడదు. నొప్పులని వినగానే నొప్పిమాత్ర రాయడం రద్దీ ఓపీలో సహజం. ఫలానా నెల నుంచి నేల మీది నుంచి లేవలేకపోతున్నాననీ, బిందె ఎత్తలేకపోతున్నాననీ, నీళ్ళు తాగితే పొలమారుతున్నదనీ మొదటి వాక్యంలోనే చెప్పాలి, నోటుపుస్తకం చూపాలి.

2. సీపీకే పరీక్షకు ముందు రెండు మూడు రోజులు బరువు పనులు చేయకూడదు, కండరానికి సూదులు వేయించుకోకూడదు, ఎందుకంటే ఆ రెండూ అంకెను పెంచగలవు. దానితో పాటు థైరాయిడ్, విటమిన్ డి, షుగరు, మూత్రపిండాల పరీక్షలు చేయించుకుంటే రెండోసారి ప్రయాణం తప్పుతుంది.

3. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనో, బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రిలోనో మొదటి పరీక్షలు జరిగి అనుమానం బలపడితే, తరువాతి మజిలీ రుమటాలజిస్టు లేదా న్యూరాలజిస్టు. కండరాల విద్యుత్ పరీక్ష, ఎంఆర్ఐ, యాంటీబాడీ పరీక్షలు, చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూసే కండర బయాప్సీ వంటివి పెద్ద కేంద్రాల్లోనే నమ్మకంగా జరుగుతాయి. రెండు వందల కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు నిమ్హాన్స్‌లో కండర వ్యాధులకు ప్రత్యేక అనుభవం ఉంది. హైదరాబాదు నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది.

4. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న ఆ పథకం కింద ఏ పరీక్ష, ఏ చికిత్స, ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో బయలుదేరే ముందే ఆ పథకపు సహాయకుడైన ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. బలహీనత శాశ్వతంగా మిగిలినవారు వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

5. రోగ నిర్ధారణకు ముందు ఊరి ఆర్ఎంపీ దగ్గర స్టీరాయిడ్ సూది వేయించుకోకూడదు, ఏముందో తెలియని నొప్పుల పొడులు మింగకూడదు. వారం రోజులు హాయిగా ఉంటుంది, కానీ రోగం మాత్రం లోపల నడుస్తూనే ఉంటుంది, బయాప్సీలో కనిపించవలసిన ఆనవాళ్ళు చెరిగిపోవచ్చు.

మందులు మొదలైన తరువాత జరిగే పొరపాట్లు

చికిత్స సాధారణంగా ప్రెడ్నిసొలోన్ అనే స్టీరాయిడ్‌తో మొదలై, దానిని క్రమంగా తగ్గించేందుకు మెథోట్రెక్సేట్, అజాథియోప్రిన్, మైకోఫెనొలేట్ వంటి రోగనిరోధకతను అదుపు చేసే మందులు తోడవుతాయి. తీవ్రమైన సందర్భాల్లో దాతల రక్తం నుంచి తీసిన ఇమ్యునోగ్లోబులిన్‌ను నరానికి ఎక్కిస్తారు. సీపీకే అంకె వారాల్లో దిగవచ్చు గానీ, సత్తువ తిరిగి రావడానికి నెలలు పడుతుంది. ఈ రెండింటి మధ్య విరామంలోనే చాలామంది ఓపిక కోల్పోయి మందు మానేస్తారు, కొందరు ముఖం ఉబ్బిందని భయపడి ఆపేస్తారు. వారాల తరబడి వాడిన స్టీరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే శరీరంలో సహజంగా తయారయ్యే హార్మోను వెంటనే అందక ప్రాణాపాయం కలగవచ్చు; తగ్గించడం మెట్టు మెట్టుగా, వైద్యుడి లెక్క ప్రకారమే జరగాలి.

మెథోట్రెక్సేట్ విషయంలో చేసే పొరపాటు ప్రాణాంతకమైనది. ఈ మందు వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. అన్ని మాత్రలూ రోజూ వేసుకునేవేనన్న అలవాటుతో దీనిని ప్రతిరోజూ మింగితే నోరు పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి మనిషి చనిపోవచ్చు. చదువు రాని ఇంట్లో ఏం చేయాలి? వారంలో ఒక రోజును నిర్ణయించుకుని, ఆ మాత్రలను మిగతా మందులతో కలపకుండా వేరే డబ్బాలో పెట్టి, ఆ రోజు ఇవ్వవలసిన బాధ్యతను ఇంట్లో ఒకే మనిషికి అప్పగించాలి. ఫోలిక్ ఆసిడ్ మాత్రలు, క్రమం తప్పని రక్తపరీక్షలు దీనికి తోడుగా ఉండాలి. గర్భం దాల్చాలనుకునే స్త్రీలు మెథోట్రెక్సేట్, మైకోఫెనొలేట్ వాడుతున్నప్పుడు ఆ మాట ముందే వైద్యుడికి చెప్పాలి, ఈ మందులు గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి.

ఈ మందులు సాధారణ రోగనిరోధక శక్తిని కూడా తగ్గిస్తాయి కాబట్టి మొదలుపెట్టే ముందు క్షయ, హెపటైటిస్ బి పరీక్షలు చేయించుకోవాలి, తరువాత వచ్చే ఏ జ్వరాన్నీ చిన్నదిగా చూడకూడదు. ‘దంగల్’ చిత్రంలో బాలనటిగా కనిపించిన సుహానీ భట్నాగర్ డెర్మటోమయోసైటిస్‌తో 2024 ఫిబ్రవరి 16న 19 ఏళ్ళకే మరణించింది. చివరి దశలో ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ సోకిందని ఆమె కుటుంబం తెలిపింది.

చర్మపు మచ్చలున్నవారు పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి వరకు ఎండకు దూరంగా ఉండాలని పుస్తకాలు చెబుతాయి, కూలికి పోయే మనిషికి అది ఎంతవరకు సాధ్యం? పూర్తిగా సాధ్యం కాకపోయినా, నిండు చేతుల చొక్కా, మెడ కప్పే కండువా, వెడల్పు టోపీ, తెల్లవారుజామున మొదలుపెట్టి పొద్దెక్కేలోగా ముగించే పని, నీడలో చేసే ఒలుపుళ్ళు కొంత రక్షణ ఇస్తాయి. కొనగలిగినవారు సన్‌స్క్రీన్ లేపనాన్ని మేఘాలున్న రోజుల్లోనూ రాసుకోవాలి.

వ్యాయామం గురించి రెండు తప్పుడు నమ్మకాలు ఉన్నాయి. వాచిన కండరాన్ని కదిలిస్తే మరింత చెడుతుందన్నది ఒకటి. వైద్యులు కూడా ఒకప్పుడు ఇలాగే అనుకునేవారు, కానీ 1990ల నుంచి జరిగిన పరిశోధనలు పర్యవేక్షణలో చేసే వ్యాయామం క్షేమమనీ, సత్తువను పెంచుతుందనీ చూపాయి. పొలం పని చేస్తూనే ఉన్నాం, వ్యాయామం ఎందుకన్నది రెండోది. పొలం పని ఉన్న సత్తువను ఖర్చు పెడుతుంది, అలసిన కండరాన్నే మళ్ళీ మళ్ళీ అలయగొడుతుంది. ఫిజియోథెరపిస్టు చెప్పిన పద్ధతిలో మంచం అంచున కూర్చుని లేవడం, అర లీటరు నీళ్ళ సీసాను భుజం ఎత్తుకు లేపడం వంటివి రోజూ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే, బలహీనపడిన కండరాలకే పని చెప్పినట్లవుతుంది. స్టీరాయిడ్ ఎక్కువకాలం వాడినప్పుడు ఆ మందు కూడా తొడలను బలహీనపరచగలదు. సీపీకే మామూలుగా ఉండి, లేవడం మాత్రం మళ్ళీ కష్టమైతే ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి.

మింగడం కష్టంగా ఉన్నంతకాలం సంగటిని చిన్న చిన్న ముద్దలుగా, నిటారుగా కూర్చుని, గడ్డాన్ని ఛాతీ వైపు కొంచెం వంచి మింగాలి, తిన్న వెంటనే పడుకోకూడదు.

రోగికి ఊపిరి ఆడకపోయినా, పడుకుంటే ఆయాసం పెరిగినా, గుటక అసలు పడకపోయినా, మూత్రం చాయ్ రంగులోకి మారినా, స్టీరాయిడ్ వాడుతూ ఉన్నట్టుండి జ్వరం పట్టుకున్నా, నెలవారీ చూపించుకునే తేదీ కోసం ఆగకుండా 108కు ఫోన్ చేయాలి. వాడుతున్న మందుల చీటీ, చివరి రక్తపరీక్ష కాగితాలు, ఆ నోటుపుస్తకం ఒకే సంచిలో తలుపు దగ్గర ఉంచాలి. వెంట వెళ్ళేవారు ఎవరైనా సరే, అంబులెన్సులోని సిబ్బందికి మొదట చెప్పవలసింది రోగి స్టీరాయిడ్ వాడుతున్నాడన్న సంగతి.